అరణ్య గణకుడు సర్ డీట్రిక్ బ్రాండిస్

అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకోవడానికి మన ఇండ్లలో తల్లులు కుండలోని మెతుకులన్నిటినీ పట్టి చూడరు. గరిటెతో ఒకసారి కలియబెట్టి, ఒక్క మెతుకు తీసి వ్రేళ్ల నడుమ నలిపి చూస్తారు. ఆ ఒక్క మెతుకే కుండెడు అన్నం సంగతి చెబుతుంది. నిత్యమూ మన కళ్ల యెదుట జరిగే ఈ చిన్న పనిలో ఒక గొప్ప శాస్త్రం ఇమిడి ఉన్నది. భాగాన్ని పరిశీలించి సమస్తాన్ని గ్రహించడమే ఆ శాస్త్రం. గణాంక శాస్త్రజ్ఞులు దానిని ప్రతిచయనమని వ్యవహరిస్తారు. వాడుకలో శాంపిల్ సర్వే అంటారు.

ఈ శాస్త్రానికి సూత్రాలూ గ్రంథాలూ ఏర్పడక మునుపే, ఏనుగుపై కూర్చుండి, ఎడమచేత కొన్ని వెదురు ముక్కలూ కుడిచేత ఒక చాకూ ధరించి, బర్మా దేశపు టేకు అడవులను లెక్కించిన పండితుడొకడు ఉన్నాడు. భారతదేశంలో అరణ్య శాస్త్రానికి పునాది వేసినవాడని పేరు గాంచిన సర్ డీట్రిక్ బ్రాండిస్ ఆయనే. ఆయన జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగినది. అందులో ఆదర్శం ఉన్నది. హెచ్చరిక కూడా ఉన్నది.

బ్రాండిస్ 1824వ సంవత్సరం మార్చి 31వ తేదీన జర్మనీలోని బాన్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రిస్టియన్ ఆగస్ట్ బ్రాండిస్ ఆ నగర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు. గ్రీసు దేశపు రాజైన ఆటో కొలువుకు తండ్రి వెళ్లినందున, బాల్యంలో కొంత కాలం డీట్రిక్ ఏథెన్స్ నగరంలో గడిపాడు. తరువాత కోపెన్‌హేగన్, గోటింగెన్, బాన్ నగరాలలో విద్యాభ్యాసం చేసి, 1849లో బాన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర బోధకుడైనాడు. ప్రయోగశాలలోనూ గ్రంథాలయంలోనూ ప్రశాంతంగా గడిచిపోవలసిన జీవితం అది. దానిని మలుపు త్రిప్పింది ఆయన వివాహం.

1854లో ఆయన రేచల్ అనే ఆంగ్ల వనితను పెండ్లాడాడు. ఆమె శ్రీరాంపూర్‌లో అచ్చు యంత్రం నెలకొల్పి పేరుగాంచిన క్రైస్తవ బోధకులలో ఒకరైన జాషువా మార్ష్‌మన్ కుమార్తె. ఆమె సోదరి సైన్యాధికారి హెన్రీ హేవ్‌లాక్ భార్య. ఈ బంధుత్వం మూలంగా ఆ యువ వృక్షశాస్త్రజ్ఞుని పేరు గవర్నర్ జనరల్ డల్హౌసీ చెవిన పడింది. సరిగ్గా అప్పుడే డల్హౌసీకి అటువంటి మనిషి అవసరమై ఉన్నాడు.

ఆ అవసరమేమిటో తెలియాలంటే బర్మా పరిస్థితిని కొంత వివరించాలి. 1826లో ఆంగ్లేయులు టెనాసెరిం ప్రాంతాన్ని ఆక్రమించుకొన్నారు. అక్కడి టేకు అడవులను వర్తకులకు విడిచిపెట్టారు. మౌల్మీన్ రేవు నౌకా నిర్మాణానికీ కలప వ్యాపారానికీ నెలవైనది. రెండు మూడు దశాబ్దాలు తిరిగేసరికి అందుబాటులో ఉన్న పెద్ద చెట్లన్నీ గొడ్డలికి బలి అయినాయి. 1852లో రెండవ బర్మా యుద్ధానంతరం పెగూ ప్రాంతం వారి వశమైనది. అక్కడి టేకుకు కూడా అదే గతి పడుతుందా అన్న ప్రశ్న తలయెత్తింది. 1855 ఆగస్టులో డల్హౌసీ ప్రభుత్వం పెగూలోని టేకు సర్కారు సొత్తని ప్రకటించి, విచ్చలవిడి నరకడానికి అడ్డుకట్ట వేసింది.

వర్తకులు ఊరకుండలేదు. పెగూ అడవులు తరగని గని వంటివనీ, నరికేకొద్దీ మళ్లీ మొలుస్తాయనీ వారి వాదం. టెనాసెరింలో జరిగినదే ఇక్కడా జరుగుతుందని అధికారుల భయం. ఇరుపక్షాల వారూ గట్టిగానే మాట్లాడారు గాని, ఆ అడవిలో ఎన్ని చెట్లున్నాయో ఇరువురిలో ఎవరికీ తెలియదు. లెక్క లేని చోట బలవంతుని మాటే లెక్క అవుతుంది. ఆ లెక్క తేల్చే భారం 1856 జనవరిలో పెగూ అరణ్యాల సూపరింటెండెంటుగా వచ్చిన బ్రాండిస్‌పై పడింది. అప్పటికాయన వయస్సు 31 సంవత్సరాలు.

వేల చదరపు మైళ్ల దుర్గమారణ్యంలో ప్రతి చెట్టునూ లెక్కించడం మానవ మాత్రునికి సాధ్యం కాదు. బ్రాండిస్ వేరొక ఉపాయం పన్నాడు. ఏనుగునెక్కి అడవికి అడ్డంగా ఒక దారి పట్టి సాగిపోతూ, ఆ దారికి ఇరుప్రక్కలా కనిపించే టేకు చెట్లను మాత్రమే లెక్కించడం ఆరంభించాడు. చెట్ల బోదె చుట్టుకొలతను బట్టి వాటిని నాలుగు తరగతులుగా విభజించుకొన్నాడు. ఆరు అడుగులు, అంతకు మించిన చుట్టుకొలత గలవి మొదటి తరగతి. అవే నరకడానికి తగినవి. తక్కినవి క్రమంగా చిన్నవి. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క వెదురు ముక్క. చెట్టు కనబడగానే దాని తరగతికి చెందిన ముక్కపై చాకుతో ఒక గాటు పెట్టేవాడు. మన పల్లెలలో పాలవాళ్లు గోడపై గీతలు గీసి లెక్క ఉంచుకొన్నట్టే ఇదీను. దినమంతా సాగిన ప్రయాణం ముగిసేసరికి ఆ వెదురు ముక్కలలో ఒక అడవి కథ వ్రాసి ఉండేది. ఏనుగు కదలికకూ, చెమటకూ, ముళ్ల కొమ్మలకూ చెదరని పుస్తకం అది.

ఈ పద్ధతికి రేఖా సర్వే అని పేరు పెట్టవచ్చు. దీని గణితం సులభమైనది. లెక్క తేలిక కొరకు నేను కల్పించుకొన్న సంఖ్యలతో చెబుతాను. దారికి ఒక్కొక్క ప్రక్క 50 గజాల చొప్పున మొత్తం 100 గజాల వెడల్పు గల పట్టీని చూస్తూ పది మైళ్లు ప్రయాణించామనుకొందాం. ఆ పట్టీ విస్తీర్ణం 17 లక్షల 60 వేల చదరపు గజాలు, అనగా సుమారు 364 ఎకరాలు. అందులో మొదటి తరగతి చెట్లు 728 కనిపించినవనుకొంటే ఎకరానికి రెండు చెట్లన్నమాట. అడవి మొత్తం లక్ష ఎకరాలైతే అటువంటి చెట్లు రెండు లక్షలుంటాయని అంచనా. పది మైళ్ల ప్రయాణం లక్ష ఎకరాల సంగతి చెప్పింది.

అయితే చెట్ల సంఖ్య తెలిసినంత మాత్రాన వర్తకుల ప్రశ్నకు సమాధానం దొరకదు. ఏటా ఎన్ని నరకవచ్చును? దీనికి చెట్టు ఎంత వేగంగా పెరుగుతుందో తెలియాలి. బ్రాండిస్ ఆ విషయం కూడా పరిశోధించి, రెండవ తరగతి చెట్టు మొదటి తరగతికి ఎదగడానికి సుమారు 24 సంవత్సరాలు పడుతుందని అంచనా వేశాడు. కనుక మొదటి తరగతి చెట్లలో ఏటా ఇరవైనాలుగవ వంతుకు మించి నరకరాదని నియమం చేశాడు. 24 ఏండ్లకు నేటి పెద్ద చెట్లు పూర్తి అయ్యేసరికి నేటి చిన్న చెట్లు పెద్దవై వాటి స్థానంలో నిలబడతాయి. గాదెలోని ధాన్యం తింటూనే విత్తనపు గింజలు ముట్టని రైతు వివేకమే ఇది. నరకదలచిన చెట్టుకు కూడా ముందుగా మొదట చుట్టూ బెరడునూ లేత కొయ్యనూ వలయంగా కొట్టి, నిలువునా రెండు మూడేండ్లు ఎండనిచ్చేవారు. పచ్చి టేకు నీటిలో మునుగుతుంది, ఎండినది తేలుతుంది. ఏ చెట్టుకు ఆ వలయం కొట్టాలో నిర్ణయించే అధికారం అరణ్య శాఖ చేతిలో ఉన్నందున నియమం కాగితంపై నిలిచిపోక అడవిలో అమలు జరిగింది.

బ్రాండిస్ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఏనుగు నడవగల చోటనే సర్వే సాగుతుంది. కొండ శిఖరాల వెంట, వాగుల వెంట, పాత బాటల వెంట దారి సులభం. కాని టేకు అన్ని చోట్లా ఒకే తీరుగా పెరగదు. వాగు ఒడ్డున ఎదిగిన చెట్టును కలప కొట్టేవాడు ముందే కొట్టుకొని పోయి ఉండవచ్చు. లోయ గర్భంలోని అడవి శిఖరంపైని అడవి వంటిది కాకపోవచ్చు. దారి అనుకూలతను బట్టి ఎన్నుకొన్న పట్టీ అడవికి నిజమైన ప్రతినిధి కాదు. కుండను కలియబెట్టకుండా పైమెతుకు పట్టి చూసినట్టే అవుతుంది. పైన పలుకు ఉండగా అడుగు మాడి ఉండవచ్చు. ఈ రకపు పొరపాటు మరో వంద మైళ్లు తిరిగినా తగ్గదు. ఒకే తప్పు పదేపదే చేస్తే ఒప్పు కాదు గదా! అందువలననే నేటివారు పటంపై సమాన దూరాలలో రేఖలు గీసి గాని, చీట్లు వేసి స్థలాలు ఎన్నుకొని గాని సర్వే సాగిస్తారు. సర్వేదారుని ఇష్టానికి తావివ్వకపోవడమే అందులోని కీలకం. కాని ఈ వివేచన బ్రాండిస్ కాలానికి ఇంకా రూపు దాల్చలేదు. భాగాన్ని చూసి సమస్తాన్ని నిర్ణయించే విధానాన్ని నార్వే దేశీయుడు కియెర్ విద్వాంసుల సభ ముందుంచినది 1895లో. దానికి నేమన్ దృఢమైన గణిత సిద్ధాంతం కూర్చినది 1934లో. ఏ సిద్ధాంతపు అండా లేని రోజులలో బ్రాండిస్ తన వెదురు ముక్కలతో ముందడుగు వేశాడు.

చెట్లను లెక్కించడంతో ఆయన ఆగలేదు. బర్మా కొండలలో కరెన్ జాతివారు అడవిని నరికి కాల్చి, ఒకటి రెండేండ్లు వరి పండించి, వేరొక చోటికి తరలేవారు. మన మన్యంలోని పోడు వ్యవసాయం వంటిదే అది. బర్మీ భాషలో కొండచేనుకు టౌంగ్యా అని పేరు. అధికారులు చాలామంది దానిని నేరంగా చూశారు. బ్రాండిస్ ఆ సేద్యగాండ్రనే తోడు చేసుకొన్నాడు. వరితోబాటు టేకు మొక్కలు కూడా నాటిస్తే, వారు చేను విడిచి వెళ్లిన తరువాత అక్కడ టేకు తోట మిగులుతుంది. ఈ పద్ధతి తరువాత అనేక దేశాలకు వ్యాపించి నేటికీ టౌంగ్యా అనే పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

1862లో ప్రభుత్వం ఆయనను బర్మా నుండి పిలిపించింది. రైలు మార్గాల నిర్మాణం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. పట్టాల క్రింది దిమ్మెల కొరకు దేశంలోని అడవులు వేగంగా హరించిపోతున్నవి. 1863లో భార్య మరణించింది. ఆ దుఃఖంలో ఉండగానే మరుసటి సంవత్సరం, 1864లో, ఆయన భారతదేశపు మొట్టమొదటి అరణ్య ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడైనాడు. 1867లో కాథరినా హాసె అనే జర్మన్ వనితను ద్వితీయ వివాహం చేసుకొన్నాడు. సుమారు పందొమ్మిది ఏండ్లు ఆ పదవిలో ఉండి, హిమాలయాల నుండి దక్షిణ దేశం వరకు పర్యటించాడు. 1865లో తొలి అరణ్య చట్టం వచ్చింది. 1874లో వాయవ్య, మధ్య భారత వృక్షాలపై ఆయన రచించిన బృహద్గ్రంథం వెలువడింది. మరుసటి ఏట లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించింది. 1878లో డెహ్రాడూన్‌లో అరణ్య పాఠశాల నెలకొన్నది. భారతీయులకు అరణ్య విద్య నేర్పి వారికి బాధ్యతలు అప్పగించాలని ఆయన వాదించాడు. ఆ కాలపు అధికారవర్గంలో అటువంటి వాదం అరుదైనది.

ఇక్కడ ఈ జీవిత కథ మన నేలను తాకుతుంది. 1878 నాటి అరణ్య చట్టం సిద్ధమవుతున్నప్పుడు రెండు అభిప్రాయాలు ఎదురుపడ్డాయి. అడవిపై సర్వాధికారం ప్రభుత్వానిదేననీ, గ్రామస్థులు అనుభవిస్తున్నది దయాభిక్షే గాని హక్కు కాదనీ బేడన్ పవెల్ అనే అధికారి పక్షం. విలువైన అడవులను సర్కారు తీసుకొన్నా, పల్లెలకు వంటచెరకూ పశుగ్రాసమూ ఇచ్చే గ్రామారణ్యాలను వారికే విడిచిపెట్టాలని బ్రాండిస్ పక్షం. చట్టం చివరకు మొదటి పక్షం వైపే మొగ్గింది. మద్రాసు రాజధాని ఆ చట్టాన్ని అంగీకరించలేదు. ఉద్యోగ జీవితపు చివరి భాగంలో బ్రాండిస్ స్వయంగా మద్రాసు వచ్చి అక్కడి అరణ్య శాఖను చక్కదిద్దడానికి సలహాలిచ్చాడు. 1882లో మద్రాసు అరణ్య చట్టం వచ్చింది. నాటి మద్రాసు రాజధానిలో కోస్తా జిల్లాలూ రాయలసీమా చేరి ఉన్నవి. నల్లమల నుండి మన్యం వరకు అడవుల చుట్టూ రిజర్వు హద్దులు ఏర్పడ్డాయి.

ఆ హద్దులు తెలుగు పల్లెలకు ఏమి మిగిల్చాయో చరిత్ర చెబుతుంది. పశువులను అడవిలో మేపినందుకు పుల్లరి కట్టవలసి వచ్చింది. 1921, 22 సంవత్సరాలలో పలనాటి రైతులు పుల్లరిని నిరాకరించారు. కన్నెగంటి హనుమంతు ప్రాణాలర్పించాడు. 1922 నుండి 1924 వరకు మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటానికి గల కారణాలలో అడవిపై ఆంక్షలు కూడా ఉన్నవి. ఇవన్నీ బ్రాండిస్ కోరినవని చెప్పరాదు. ఆయన కోరిన గ్రామారణ్యాలు విస్తారంగా ఏర్పడి ఉంటే కొన్ని తప్పిపోయేవేమో. కాని ఆయన నిర్మించిన శాఖే ఆ హద్దులకు కాపలా కాసినదన్నది కూడా సత్యమే. ఆయన నాలుగు వెదురు ముక్కలలో టేకుకు చోటున్నది. మేకకు గాని, వంటకట్టెకు గాని, తేనె ఏరుకొనే గిరిజనునికి గాని గాటు లేదు. లెక్కలోకి ఎక్కినది కాపాడబడింది. ఎక్కనిది మరుగున పడింది. ఏమి లెక్కించాలో నిర్ణయించేవాడు ఎవరిని పట్టించుకోవాలో కూడా నిర్ణయిస్తున్నాడన్నమాట. ఆయన జీవితంలో నాకు కనిపించిన హెచ్చరిక ఇదే.

1883లో ఉద్యోగ విరమణ చేసి బ్రాండిస్ బాన్ నగరానికి మరలిపోయాడు. విశ్రాంతి ఆయన స్వభావం కాదు. భారతదేశానికి రానున్న యువ అరణ్యాధికారులకు ఐరోపా అడవులలో శిక్షణ ఇచ్చాడు. 1887లో ప్రభుత్వం సర్ బిరుదంతో గౌరవించింది. సలహా కోరి వచ్చిన గిఫర్డ్ పించోట్ అనే అమెరికన్ యువకునికి మార్గం చూపాడు. ఆ యువకుడే తరువాత అమెరికా అరణ్య శాఖకు ప్రథమాధిపతియై పేరు పొందాడు. ఎనభై రెండేండ్ల వయస్సులో, 1906లో, భారతీయ వృక్షాలపై మరొక ఉద్గ్రంథం ప్రచురించాడు. మరుసటి సంవత్సరం మే 28వ తేదీన బాన్‌లోనే కన్నుమూశాడు.

ఆయన గతించిన తరువాత లెక్కింపు శాస్త్రం మన దేశంలోనే కొత్త పుంతలు తొక్కింది. 1931లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన గణాంక సంస్థ, బెంగాల్ జనుము పంటను శాంపిల్ పద్ధతిపై అంచనా వేసి ప్రపంచానికి దారి చూపింది. ఆ సంస్థలోనే మన తెలుగువాడైన సి. ఆర్. రావు గణాంక శాస్త్రంలో అగ్రశ్రేణికి ఎదిగాడు. అరణ్య సర్వేకు కూడా రూపం మారింది. బోదెలను లెక్కించడంతోబాటు, చెట్ల ఆకుల కప్పు నేలను ఎంత మేరకు మూసి ఉన్నదో కొలవడం ముఖ్యమైనది. ఆ కప్పే వాన దెబ్బ నుండి నేలను కాచేది. నీడనూ తేమనూ నిలిపేది.

ఆకుల కప్పును కొలిచే తీరు బ్రాండిస్ రేఖా సర్వేకు వారసురాలే. అడవిలో ఒక రేఖ వెంట సమాన దూరాలలో ఆగి, నిట్టనిలువుగా పట్టిన గొట్టం గుండా పైకి చూడాలి. చూపు ఆకుకు తగిలితే ఒకటి, ఆకాశానికి తగిలితే సున్న. 100 చోట్ల చూడగా 62 చోట్ల ఆకు కనిపిస్తే కప్పు 62 శాతం. ఆ చోట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎన్నుకొన్నవైతే, ఈ అంచనాలో సుమారు 5 శాతం అటూ ఇటూ తేడా రావడం సహజం. ఆ తేడాను సగానికి తగ్గించాలంటే రెట్టింపు చోట్లు చాలవు. నాలుగు రెట్లు, అనగా 400 చోట్లు చూడాలి. శ్రమ నాలుగింతలైతే గాని నిశ్చయం రెండింతలు కాదు.

తరువాత ఉపగ్రహాలు వచ్చాయి. హైదరాబాదులోని నాటి జాతీయ దూర సంవేదన సంస్థ ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, 1972-75లో దేశపు అడవి సుమారు 5 కోట్ల 55 లక్షల హెక్టార్లనీ, 1980-82 నాటికి 4 కోట్ల 63 లక్షల హెక్టార్లకు పడిపోయిందనీ వెల్లడించగా దేశం ఉలిక్కిపడింది. 1981లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన భారత అటవీ సర్వే సంస్థ 1987లో తన మొదటి నివేదికలో దాదాపు 6 కోట్ల 40 లక్షల హెక్టార్లని తెలిపింది. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం. అంకెలు మాత్రం వేరు. పద్ధతి మారితే ఫలితం మారింది. ఆకుల కప్పు పదవ వంతు ఉన్నా ఆ సంస్థ లెక్కలో అది అడవే. 70 శాతం దాటితే మిక్కిలి దట్టమైన అడవి. సహజారణ్యమైనా, యూకలిప్టస్ తోట అయినా, మామిడి తోపు అయినా ఉపగ్రహం చూసేది పచ్చని కప్పునే. ఆ కప్పు క్రింద ఏమున్నదో, ఎవరున్నారో తెలుసుకోవడానికి మనిషి నేటికీ నేలపై నడిచి వెళ్లవలసిందే.

విద్యార్థి మిత్రులారా! వాదం తీవ్రంగా ఉన్న చోట గొంతు పెంచక, వెదురు ముక్కలు చేతబట్టి అడవిలోకి వెళ్లి చూసిరావడం బ్రాండిస్ మనకు నేర్పిన మొదటి పాఠం. చూసివచ్చిన అంకె ఏ దారి వెంట నడిచి తెచ్చినదో, దేనిని లెక్కించి దేనిని విడిచినదో అడగడం ఆయన జీవితం నేర్పే రెండవ పాఠం. మీలో రేపు గణాంక శాస్త్రం చదివేవారుంటారు. సర్కారు కొలువులో చేరి పల్లెలనూ అడవులనూ లెక్కించేవారుంటారు. గాటు పెట్టే ముందు, మీ చేతిలో ఇంకొక వెదురు ముక్క ఉండవలసినదేమో ఒక్క క్షణం ఆలోచించండి.